బూదికనుమ: రాక్షసుని చితియా, పసులమందయా?

బళ్ళారి పేరెత్తగానే మన తెలుగువారికి మొదట స్ఫురించేది నాటకరంగం. ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు నడిపిన సరసవినోదినీ సభ, కోలాచలం శ్రీనివాసరావుగారు వ్రాసిన చారిత్రక నాటకాలు, 1946లో కన్నుమూసిన రాఘవగారి నటన మన పెద్దలు కథలుకథలుగా చెప్పుకొన్నవే. ఆ తరువాత గుర్తుకు వచ్చేది ఏకశిలవంటి గుట్టమీది కోట. ఆపైన బళ్ళారి ఎండ. దానిని గురించి వేరుగా వ్రాయవలసిన పని లేదు. అయితే ఈ సీమలో వీటన్నిటికంటె నాలుగువేల ఏండ్లు పాతదైన వింత ఒకటి ఉన్నది. అది కోట కాదు, గుడి కాదు, శాసనమూ కాదు. అది బూడిదకుప్ప.

మన సంఘంలోని కుటుంబాలలో చాలామంది తుంగభద్ర ఆనకట్ట పూర్తయిన 1953 తరువాత ఆయకట్టు భూములను వెదకుకొంటూ వచ్చినవారి సంతానం. గంగావతి, సింధనూరు, సిరుగుప్ప ప్రాంతాలలో క్యాంపులు కట్టుకొని, తుమ్మలు కొట్టి, నేల చదును చేసి, వరి పండించినవారు వారు. మరికొందరు బళ్ళారిలోనే తరతరాలుగా ఉన్నవారు. వారికి వలస అన్నమాట వర్తించనే వర్తించదు. ఎవరు ఎప్పుడు వచ్చినా, మనం నడిచే నేల పుట్టుపూర్వోత్తరాలు మనకు కొంతైనా తెలిసివుండాలన్న తలంపుతో, కొన్ని కుటుంబాలవారం కలిసి, పిల్లలను వెంటబెట్టుకొని, ఈ బూడిదదిబ్బలను చూచి వచ్చాము. చూచినదీ, చదివి తెలిసికొన్నదీ ఉగాది సంచిక పాఠకులకు విన్నవించుకొంటున్నాము.

బళ్ళారినుండి హోసపేటకు పోయే పెద్దబాటలో సుమారు 20 కిలోమీటర్లు పోతే కుడతిని అనే ఊరు వస్తుంది. మనవాళ్ళు దీనిని కుడితిని అని పలకడం కద్దు. ఆ పేరు వినగానే పసువులకు పెట్టే కుడితి గుర్తుకు వచ్చి పిల్లలు నవ్వారు. రెండింటికీ సంబంధం ఉన్నదని మేము అనడంలేదు గాని, మేము చూడబోయిన సంగతికి ఆ నవ్వు బాగానే కుదిరినది. ఊరు దాటి తోరణగల్లు వైపు సాగితే కొండల వరుసల నడుమ ఒక కనుమ ఉన్నది. దానినే బూదికనుమ అంటారు. కన్నడంలో బూదియంటే బూడిద. తెలుగు పల్లెలలోనూ బూది అన్నమాట నేటికీ వాడుకలో ఉన్నదే. కనుమ సరేసరి. ఆ పేరు ఏ భాషదని అడిగితే ఇరువైపులవారూ మాదేనంటారు. ఇరువైపులవారూ నిజమే చెప్పినట్లవుతుంది.

దూరంనుండి చూస్తే అది మామూలు మట్టిదిబ్బ. గడ్డి, ముళ్ళకంప మొలిచివున్నవి. దగ్గరకు పోయి, వానకు కోసుకొనిపోయిన ఒక చెక్కను చూస్తేగాని సంగతి తెలియదు. లోపల మట్టి లేదు. తెల్లగా, బూడిదరంగుగా, పొరమీద పొరగా పేర్చినట్లున్నది. కొన్ని పొరలు పిండివలె మెత్తగా ఉన్నవి. కొన్ని గట్టిపడి, కరగి, నురుగు గడ్డకట్టినట్లు తూట్లుతూట్లుగా ఉన్నవి. కమ్మరికొలిమిలో చిట్టెం చూచినవారు ఆ ముక్కను చూస్తే చిట్టెమనే అంటారు. చేతిలోకి తీసికొంటే మాత్రం చిట్టెమంత బరువు ఉండదు. మేము ముక్కను చేతితో తడిమి చూచి, ఉన్నచోటనే ఉంచి వచ్చాము. పిల్లలు జేబులో వేసికొనబోతే వారించాము.

ఆ ప్రాంతమంతా ఇప్పుడు కర్మాగారాల సీమ. తోరణగల్లులో ఉక్కు కర్మాగారం, కుడతినిలో బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రం ఉన్నవి. వాటి పొగగొట్టాలను చూచి మా పిల్లవాడొకడు, “ఇక్కడ అప్పుడూ బూడిదే, ఇప్పుడూ బూడిదేనా?” అన్నాడు. పెద్దవాళ్ళకు తోచనిమాట పిల్లవానికి తోచినది.

దారిలో గొర్రెలు మేపుకొంటున్న పెద్దాయన ఒకరు కలిశారు. “పెద్దాయనా, ఈ దిబ్బ ఏమిటి?” అని అడిగితే, బళ్ళారి తెలుగులో, “అది రాచ్చసుడి బూది సామీ. భీముడు ఇడింబుణ్ణి సంపి ఈడనే కాల్సినాడంట. శానా పెద్దోడు గదా, అందుకే ఇంత బూది” అని చెప్పారు. ఇది ఆయన కల్పించినమాట కాదు. 1830, 1840 దశకాలలో మద్రాసు సైన్యంలో అధికారిగా ఉండి ఈ దేశమంతా తిరిగి రాళ్ళూరప్పలూ పరిశీలించిన న్యూబోల్డ్ దొర ఈ దిబ్బలను గురించి వ్రాశాడు. వాటిని చూచిన ఆంగ్లేయులు ఇటువంటి రాక్షసకథలను అప్పుడే విన్నారు. అంటే, ఆ గొర్రెలకాపరి మాకు చెప్పిన కథ కనీసం ఐదారు తరాలుగా ఆ కొండలలో తిరుగుతున్నదన్నమాట.

హంపికి పోతే ఇటువంటిదే మరొక దిబ్బ ఉన్నది. విట్ఠలాలయానికి తూర్పున నింబాపురమనే పల్లెదగ్గర ఉన్న ఆ దిబ్బను వాలిని దహనం చేసిన చోటని చెప్పుకొంటారు. తుంగభద్ర ఆవలి ఆనెగొంది ప్రాంతమే కిష్కింధయని ప్రజల నమ్మకం. ఋష్యమూకం, మాల్యవంతం, మతంగపర్వతం, పంపాసరస్సు అన్నీ అక్కడ చూపిస్తారు. వాలి అక్కడే చనిపోయినప్పుడు చితి కూడా అక్కడే ఉండాలికదా! పెద్ద వానరరాజుకు పెద్ద చితి. 20వ శతాబ్ది తొలినాళ్ళలో హంపి శిథిలాలను గురించి గ్రంథం వ్రాసిన లాంగ్‌హర్స్ట్ కూడా ఈ దిబ్బను, ఈ కథను పేర్కొన్నాడు. 2021లో విజయనగర జిల్లా ఏర్పడడంతో నింబాపురం ఆ జిల్లాలోకి పోయినది. కుడతిని బళ్ళారిజిల్లాలోనే ఉండిపోయినది. హిడింబుడు ఒక జిల్లావాడు, వాలి మరొక జిల్లావాడు అయినారు.

మాలో ఒకరు విశ్రాంత ఉపాధ్యాయులు. ఆయనకు ఈ కథలంటే గిట్టదు. “పిల్లలకు అబద్ధాలు చెప్పి ఎందుకు పాడుచేస్తారు? ఉన్నది ఉన్నట్లు చెప్పండి” అన్నారు. మా బృందంలోని పెద్దమ్మగారొకరు, “అలా కాదు పంతులుగారూ, కథ లేకపోతే ఈ దిబ్బ ఇన్నాళ్ళు నిలిచేదా? భయంతోనో భక్తితోనో ఎవరూ ముట్టుకోకపోబట్టి మిగిలిందేమో!” అన్నారు. ఇద్దరి మాటలలోనూ సబబు ఉన్నది. అసలు విషయం ఏమిటో చూచిన తరువాత ఈ తగవును తీర్చవచ్చును.

ఈ దిబ్బలు విద్వాంసులను నూరేండ్లకుపైగా ముప్పుతిప్పలు పెట్టినవి. అగ్నిపర్వతం కక్కిన లావా అయివుండునా అన్న ఆలోచన మొదట వచ్చినది. ఇనుము కరగించిన చిట్టెమని కొందరు వాదించారు. గొప్ప యుద్ధాల తరువాత జరిగిన సామూహిక దహనాల బూడిదయని మరికొందరు ఊహించారు. బళ్ళారిలో పనిచేసి, విజయనగర చరిత్రను గ్రంథస్థం చేసిన రాబర్ట్ స్యూయెల్ 1899లో వీటిని గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసమే వ్రాశాడు.

ఈ చిక్కుముడి విప్పడానికి కొస అందించినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఈయన భూగర్భశాఖ ఉద్యోగి. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో పాతరాతియుగపు పనిముట్టును గుర్తించి, భారతదేశ ప్రాక్చరిత్రకు పునాదిరాయి వేసినవాడు. గుర్రంమీదా కాలినడకనూ దక్షిణదేశమంతా తిరిగి, దొరికిన రాతిపనిముట్లన్నీ పోగుచేశాడు. ఆ సేకరణను తరువాత మద్రాసు ప్రభుత్వ మ్యూజియం కొనుక్కొన్నది. బూడిదదిబ్బల దగ్గర ఈయనకు నునుపు చేసిన రాతిగొడ్డళ్ళు, పెంకులు, పసువుల ఎముకలు కనిపించినవి. వాటినిబట్టి ఇవి క్రొత్తరాతియుగపు మనుష్యులవని, చితులు కావని, పసువులను కట్టిన దొడ్లలో పేరుకుపోయిన పేడ తగులబడగా మిగిలిన బూడిదయని ఊహించాడు. పేడ అనగానే చాలామంది పెదవి విరిచారు. పేడ కాలితే రాయివలె కరగి గట్టిపడుతుందా అన్నది వారి ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు 1960లో వచ్చినది. లండనులోని పురావస్తు విద్యాసంస్థకు చెందిన జాయినర్ పండితుడు దిబ్బలనుండి తెచ్చిన ముక్కలను సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించాడు. పసువు తిన్న గడ్డిలో ఇసుకజాతి పదార్థం సన్నగా ఉంటుంది. పేడకుప్ప పెద్దమంటలో చాలాసేపు మండినప్పుడు అది కరగి, బూడిదలోని క్షారంతో కలిసి, గాజువలె గడ్డకడుతుంది. చిట్టెంవలె కనిపించినది ఇదే. ఇంట్లో పిడకలపొయ్యి వెలిగించిన అమ్మలకు మెత్తనిబూడిద మాత్రమే తెలుసును. పెద్ద కుప్ప తగులబడినప్పుడు పుట్టే వేడి వేరు. దాని బూడిద వేరు.

ఈలోగా మన తెలుగునేలమీదనే అసలైన సాక్ష్యం బయటపడినది. నాటి మహబూబ్‌నగర్ జిల్లాలో కృష్ణానదికి సమీపంలో ఉట్నూరు అనే పల్లె ఉన్నది. (ఆదిలాబాదు అడవులలోని ఉట్నూరు వేరు, ఇది వేరు.) అక్కడి బూడిదదిబ్బను 1957లో ఆల్చిన్ అనే ఆంగ్లేయ పండితుడు తవ్వించాడు. లోపల గుంజలు పాతిన గుంతలు వరుసగా కనిపించినవి. లోపల పసువులదొడ్డి, దానిచుట్టూ మరొక కంచె, రెంటినడుమ మనుష్యులు కాపురమున్న చోటు. ఆ కంచె ఒకసారి కాలినది. మళ్ళీ కట్టారు. మళ్ళీ కాలినది. మళ్ళీ కట్టారు. అన్నిటికంటె ఆశ్చర్యమేమంటే, బూడిదపొరలలో పసువుల గిట్టల గుర్తులు అచ్చుపడినట్లు నిలిచివున్నవి. ఉట్నూరు బొగ్గును పరీక్షిస్తే క్రీ.పూ. 2000కు పూర్వపుదని తేలినది. నాలుగువేల ఏండ్లక్రితం దొడ్డిలో తిరిగిన ఆవు అడుగు మనకు చెరగకుండా మిగిలివున్నది! రాజులు వేయించిన శాసనాలే పగిలిపోయినవి. ఆవు అడుగు మిగిలినది.

ఆల్చిన్ 1963లో ఈ విషయాలన్నీ ఒక గ్రంథంగా వెలువరించాడు. అందులో ఆయన మరొక ఊహ చేశాడు. ఈ మంటలు ప్రమాదవశాత్తు పుట్టినవి కావు. ఏదో పండుగనాడు, ఋతువు మారే వేళ, కావాలనే పెట్టినవి. దీపావళి, హోళీ, సంక్రాంతులలో నేటికీ మనం వేసే మంటలకు ఇవి పూర్వరూపాలు కావచ్చును అన్నాడు. ఈ మాట చదివినప్పుడు మాకు ఒళ్ళు పులకరించినది. కన్నడదేశంలో సంక్రాంతినాడు పసువులను అలంకరించి మంటమీదుగా దాటిస్తారు. మనం భోగినాడు తెల్లవారుజామున మంట వేసి, చిన్నచిన్న పిడకలను దండగ్రుచ్చి పిల్లలచేత ఆ మంటలో వేయిస్తాము. మర్నాటి మర్నాడు పసువుల పండుగ, కనుమ. ఆవుపేడ, మంట, పసిపిల్లలు, పసువులు: నాలుగూ ఒక్కచోట కలిసే పండుగ మన ఇండ్లలో నేటికీ జరుగుతున్నది. బూడిదదిబ్బ నాటినుండి భోగిమంటదాకా తెగని దారం ఉన్నదని రుజువు చేయడం ఎవరితరమూ కాదు. అయితే భోగిపిడకల దండ చేతబట్టుకొన్న పిల్లవానికి బూడిదదిబ్బ అంటే ఏమిటో విప్పి చెప్పడం సులభం.

ఆల్చిన్ వాదాన్ని అందరూ ఒప్పుకొనలేదు. పూనాలోని డెక్కన్ కాలేజీకి చెందిన కాట్రగడ్డ పద్దయ్యగారు సురపురం తాలూకాలో సంవత్సరాల తరబడి పరిశోధన చేశారు. 1960 దశకంలో కొడెకల్లులోను, 1990 దశకంలో బూదిహాళులోను తవ్వకాలు జరిపారు. బూదిహాళు పేరులోనే బూది ఉన్నది చూడండి. అక్కడ దొడ్డి ప్రక్కనే ఇండ్లు ఉన్నవి. పసువులను కోసి మాంసం పంచుకొన్న చోటు ఉన్నది. పిల్లలను కుండలలో పెట్టి పూడ్చిన గోతులు ఉన్నవి. అంటే అది ఒట్టి మంద కాదు, నిండైన ఊరు. దొడ్డినుండి పేడ ఎత్తి ఒకచోట పోసేవారు. అది కుప్ప అయినప్పుడల్లా కాల్చేవారు. ఊరు శుభ్రంగా ఉండడానికి అది నిత్యకృత్యమని ఆయన వాదించారు. పండుగమంటయా, పారిశుద్ధ్యమా? మాకు తోచినంతలో రెంటికీ వైరం లేదు. మన ఇండ్లలో పండుగకు ముందు బూజు దులపడం పారిశుద్ధ్యమా, పండుగయా? రెండూను.

అనంతపురం జిల్లా పాలవాయిలో 1960 దశకంలో వెంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన రామిరెడ్డిగారు బూడిదదిబ్బను తవ్వించారు. అంతకుముందే, 1940 దశకంలో, బెండపూడి సుబ్బారావుగారు బళ్ళారిప్రక్కనున్న సంగనకల్లును తవ్వించి, బళ్ళారి రాతియుగ సంస్కృతులపై తొలి సమగ్ర గ్రంథం వ్రాశారు. మనవారి కృషి ఈ రంగంలో తక్కువది కాదు. మన పిల్లలకు సినిమాతారల పేర్లు తెలిసినంతగా ఈ పేర్లు తెలియకపోవడం విచారకరం.

సంగనకల్లుకూ మేము పోయాము. బళ్ళారికి సమీపంలోనే సంగనకల్లు, కప్పగల్లు గ్రామాలనడుమ ఉన్న కొండలవి. పెద్దకొండను కన్నడంలో హిరేగుడ్డ అంటారు. కొండలో నల్లరాతి చార ఒకటి అడ్డంగా పోతున్నది. ఆ నల్లరాతిని పగలగొట్టి, చెక్కి, అరగదీసి గొడ్డళ్ళు చేశారు. ఇది ఒకరిద్దరు తమకోసం చేసికొన్న పని కాదు, పెద్ద కార్ఖానాయే. బండలమీద మూపురాలు, పొడుగాటి కొమ్ములు గల ఎద్దుల బొమ్మలు వందలకొలది చెక్కివున్నవి. కొన్ని బండలను రాతితో కొడితే గంటవలె ఖంగున మ్రోగుతవి. తరతరాలుగా కొట్టగా కొట్టగా వాటిమీద గుంటలు పడినవి. కొండ దిగువ వారు తిన్న తిండిగింజలు మాడి బొగ్గయి మట్టిలో దొరికినవి. ఉలవలు, పెసలు, అండుకొర్రలవంటి చిరుధాన్యాలు అందులో ఉన్నవి. బళ్ళారి ప్రాంతంలో ఉలవచారు ఎంత పాతదో దీనినిబట్టి గ్రహించవచ్చును! బూడిదదిబ్బల జనం క్రీ.పూ. 3000 మొదలు 1200 వరకు ఈ సీమలో బ్రదికారని ఇప్పటి లెక్క.

వారు ఏ భాష మాట్లాడినదీ చెప్పే అక్షరం ఒక్కటీ లేదు. లిపి ఇంకా ఈ సీమకు రాలేదు. ఈ ప్రాంతంలో తొలి వ్రాత అశోకునిది. రాయచూరు జిల్లా మస్కిలో 1915లోను, బళ్ళారిజిల్లా నిట్టూరు, ఉదేగొళాలలో 1970 దశకంలోను అశోకుని శాసనాలు బయటపడినవి. అవి ప్రాకృతంలో ఉన్నవి. కన్నడశాసనం క్రీ.శ. 450 ప్రాంతానికి, తెలుగుశాసనం క్రీ.శ. 575 ప్రాంతానికి గాని వెలువడలేదు. అంటే బూడిదదిబ్బల చివరిమంట ఆరిన పదిహేడువందల ఏండ్లకు తెలుగు రాతికెక్కినదన్నమాట.

అయినా వారి బ్రదుకు మన మాటలలో ఎక్కడో ఒదిగివున్నట్లు తోస్తుంది. తెలుగులో పెంట అంటే పేడకుప్ప. నల్లమల అడవులలో చెంచుల పల్లెలను పెంటలనే అంటారు. ఒకే మాటకు పేడకుప్పయనీ, ఊరనీ అర్థం. కన్నడంలో హట్టి అంటే పసువులకొట్టం. గొల్లల పల్లెను కూడా హట్టియనే అంటారు. పసువు నిలిచినచోటే మనిషి నిలిచాడు. పేడ పడినచోటే ఊరు వెలసినది. రాయలసీమ రైతు నేటికీ గొర్రెలమందను పొలంలో కట్టించుకొని, కాపరికి కూలి ఇస్తాడు. పేడను చూచి ముక్కు మూసికొనేది పట్నవాసులు మాత్రమే.

ఇక మన పంతులుగారి తగవు తీర్చుదాము. దిబ్బ రాక్షసుని చితి కాదు, నిజమే. అయితే కథ చెప్పిన పామరులు దానిని చూచి బూడిద అన్నారు. చదువుకొన్నవారు లావా అన్నారు, చిట్టెమన్నారు. ఎవరిమాట నిజానికి దగ్గర? ఊరివారిదే. ఇది మంటలో పుట్టినది, ఇంత బూడిద ఒక ఇంటిపొయ్యిలో రాదు, ఇది మన తాతముత్తాతలకంటె పాతది: ఈ మూడు సంగతులూ కథలో ఉన్నవి, మూడూ నిజాలే. పొరపడినది ఒక్కచోటనే. ఇంత పని మామూలు మనుష్యులవలన కాదని, దానిని రాక్షసునికి అంటగట్టారు. చేసినది మామూలు మనుష్యులే. ప్రొద్దున లేచి దొడ్డి ఊడ్చి, తట్టతో పేడ ఎత్తి కుప్పమీద పోసిన ఆడవాళ్ళూ మగవాళ్ళూ, నూర్లకొలది సంవత్సరాలు, తరం తరువాత తరం. భీముని గదకంటె ఆ తట్ట గొప్పది. అందుచేత పిల్లలకు ముందు కథ చెప్పి, తరువాత తట్ట సంగతి చెప్పాలని మేము నిర్ణయించాము. పంతులుగారు సగం ఒప్పుకొన్నారు.

మనవంటివారికి ఇందులో మరొక మాట ఉన్నది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చినవి; బళ్ళారితో సహా తక్కినవి మైసూరుకు పోయినవి. దానికి ముందు జరిగిన వాదోపవాదాలు, కమిషనులు, ఊరేగింపులు అప్పటివారికి ఎంత బాధ కలిగించినవో మన ఇండ్లలో పెద్దలు చెప్పగా విన్నాము. ఎవరు ముందు వచ్చారు, ఎవరిది ఈ ఊరు అన్న మాట ఇప్పటికీ అప్పుడప్పుడు వినబడుతుంది. బూడిదదిబ్బలు నూటికి పైగా ఉన్నవి. వాటిని పటంమీద గుర్తుపెట్టి చూడండి. కుడతిని, బూదిహాళు, కొడెకల్లు కర్ణాటకలో, పాలవాయి ఆంధ్రలో, ఉట్నూరు తెలంగాణలో. కృష్ణ, తుంగభద్ర, వేదవతి నదుల నడుమ అంతా ఒకే జనం, ఒకే బ్రదుకు. మనం గీసిన గీతలు ఆ మందలకు తెలియవు. ముందు వచ్చినవాళ్ళమని చెప్పుకొనే హక్కు ఎవరికైనా ఉంటే అది వారిది. వారూ ఒకచోట కట్టిన దొడ్డి కాలిస్తే మళ్ళీ అక్కడే కట్టుకొన్నవారు. వచ్చినచోట వేరూనడమంటే ఏమిటో ఉట్నూరు గుంజల గుంతలు మనకు చెప్పుచున్నవి.

ఇంతటి సంపదకు మనం చేస్తున్నదేమిటి? బూడిద మంచి ఎరువని రైతులు బండ్లకొలది తోలుకొనిపోగా ఎన్నో దిబ్బలు తరిగిపోయినవి, కొన్ని మాయమైనవి. సంగనకల్లు, కప్పగల్లు కొండలను రాతిగనులవాళ్ళు పేల్చివేస్తున్నారని పరిశోధకులు ఎలుగెత్తి చెప్పారు. ఎద్దుబొమ్మ ఉన్న బండ కంకరగా మారితే దానిని మళ్ళీ చెక్కేవారు లేరు. 1958నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకటించిన స్థలాలకే రక్షణ ఇస్తుంది. గుడికి గోపురం ఉన్నది కనుక చూచినవారు ఆగుతారు. దిబ్బకు గోపురం లేదు. దాని విలువ తెలిసినవాడు ప్రక్కన ఉంటేనే అది నిలుస్తుంది.

కాబట్టి మన సంఘ సభ్యులకు ఒక మనవి. సెలవులలో పిల్లలను హంపికి తీసికొనిపోయేవారు విట్ఠలాలయంతో ఆగక, నింబాపురంలో వాలిదిబ్బను కూడా చూపించండి. బళ్ళారికి పోయినవారు బ్రూస్ ఫుట్ పేరిట నెలకొల్పిన పురావస్తు సంగ్రహాలయంలో రాతిగొడ్డళ్ళను చూపించండి. మీ పొలంలో, మీ క్యాంపు దగ్గర తెల్లని బూడిదపొరలుగాని, నునుపైన నల్లరాతి గొడ్డలిగాని కనబడితే, దానిని ఎత్తుకొనిపోక, తవ్వక, పురావస్తుశాఖవారికి తెలియజేయండి. కన్నడ మిత్రులతో కలిసి ఈ పని చేయడం మరింత మంచిది. దిబ్బ ఇద్దరిదీ. పంచుకొంటే తరిగేది కాదు, కాపాడుకొంటేనే నిలిచేది.

ఉగాదినాడు మనం క్రొత్త పంచాంగం విని, పాత సంవత్సరానికి వీడ్కోలు చెప్పుతాము. ఆ పశుపాలకులకు పంచాంగం లేదు. మంటయే వారి సంవత్సరాన్ని కొలిచినదేమో! పాతదానిని కాల్చి, ఆ బూడిదమీదనే క్రొత్తదొడ్డి కట్టుకొని, మళ్ళీ పాడి మొదలుపెట్టారు. ఆ ఓర్పు, ఆ పాడి, ఆ పంట మన కుటుంబాలన్నిటికీ కలగాలని కోరుతూ, పాఠకులందరికీ ఉగాది శుభాకాంక్షలు తెలుపుకొంటున్నాము.